మీసాల మీద మందు

పిలుస్తారు. పిలిస్తే లేవాలి, లేస్తే ఊదాలి, ఊదితే అంకె వస్తుంది, ఆ అంకెని ఇక ఎవరూ మాటలతో మభ్యపెట్టలేరు, అదే యూసుఫ్ బాధ. గుంటూరులో ఊపిరితిత్తుల ఆసుపత్రి వరండాలో ఇనప కుర్చీ మీద కూర్చుని అతను తన ఊపిరిని ఎవరికీ వినపడకుండా కొంచెం కొంచెంగా లోపలికీ బయటికీ నడుపుతున్నాడు, పక్కవాళ్ల దొడ్లో జామకాయలు కోసుకొచ్చేవాడు ఎండుటాకుల మీద అడుగులు వేసినట్టు. కిటికీ అవతల మిరప టిక్కీలు, అంటే గోనె బస్తాలు, మోస్తున్న ఆటోలు బారులు తీరాయి. గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగినప్పుడల్లా వరండా అంతా ఒక్కసారి దగ్గుతుంది. రోగులు దగ్గుతారు, రోగుల్ని తెచ్చినవాళ్లు దగ్గుతారు, పేర్లు రాసుకునే అమ్మాయి దగ్గుతుంది, గోడ మీద పొగ తాగరాదన్న బొమ్మలోని మనిషొక్కడే దగ్గడు. ఆ మందలోకి తన దగ్గుని తోలేయడం యూసుఫ్‌కి ఎప్పటినుంచో అలవాటు. ఈ మిరప నేల మీద పుట్టిన ఉబ్బసానికున్న సుఖం అదే, కళ్లాలు ఎర్రగా ఉన్నన్నాళ్లూ ఊరందరిలో కలిసి తిరగొచ్చు. కళ్లాలు ఎత్తేశాక కూడా మిగిలిపోయే దగ్గొకటి ఉంటుంది చూడండి, కోడి కంటే ముందు లేచి ఛాతీలో పిల్లికూతలు కూస్తుంది, దాన్ని ఏ మందలోకి తోలాలి?

పక్క కుర్చీలో కోటేష్ మోకాలి మీద వేళ్లతో ఆదితాళం వేసుకుంటున్నాడు. యూసుఫ్ నాదస్వరానికి నలభై ఏళ్లుగా కోటేష్ డోలు. ఇద్దరూ కలిసి కట్టించిన తాళిబొట్లు లెక్కపెడితే చిలకలూరిపేట నుంచి చీరాల దాకా రోడ్డు పొడవునా ఒక్కో మైలురాయికీ ఒక్కో జంటని నిలబెట్టొచ్చని యూసుఫ్ అంటూంటాడు, వాళ్లలో కొట్టుకోని జంటలైతే ఒక్క కల్వర్టు మీదే సరిపోతారని కోటేష్ కలుపుతాడు. ఆ కోటేష్ మనవరాలికి వచ్చే నెల పెదకాకానిలో పెళ్లి. కోటేష్ పెళ్లికి ఊదినవాడు యూసుఫ్, కోటేష్ కూతురి పెళ్లికి ఊదినవాడు యూసుఫ్, ఈ పిల్ల కడుపులో ఉండగానే దాని పెళ్లికీ నేనే ఊదుతానని మాట ఇచ్చినవాడూ యూసుఫే. ఇప్పుడు ఆ మాట వెళ్లి ఒక అంకె చేతిలో పడింది. నిన్న సాయంత్రం ఈ కోటేష్ చింతచెట్టు చాటున ఫోన్ పట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడటం యూసుఫ్ చెవిన పడింది. పుట్టినప్పటినుంచీ డోలు పక్కన బతికినవాడికి గొంతు తగ్గించడమెలాగో తెలియదు పాపం, అది తగ్గించినా రెండు పొలాల అవతలికి వినపడింది. "ముహూర్తానికి ఖాళీగా ఉంటారా? ఉంటే ఉంచుకోండి, నేను మళ్లీ చెప్తా." చీరాల మేళం వాళ్లతో. యూసుఫ్ ఏమీ అడగలేదు. అడిగితే వీడు నిజం చెప్పేస్తాడు, అది ఇంకా కష్టం.

అయినా వాణ్ణి అనుకోవడమెందుకు, వాడికి తెలుసు కాబట్టే కదా భయం. చీరాలలో ఆ మధ్య పట్టుచీరల కొట్టువాళ్ల పెళ్లిలో, పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం, గట్టిమేళం అని అరిచాడు, యూసుఫ్ పై స్థాయిలోకి వెళ్లాడు, వెళ్లినవాడు అక్కడే చిక్కుకున్నాడు, నూతిలోకి దిగినవాడికి పైన ఎవరో తాడు లాగేసినట్టు. ఛాతీ మూసుకుపోయింది. వేళ్లు కన్నాల మీద ఆడుతూనే ఉన్నాయి, బుగ్గలు ఉబ్బే ఉన్నాయి, గాలి మాత్రం లేదు. ఆ ఖాళీలోకి కోటేష్ డోలు దూకింది. ఎంత కొట్టాడంటే, అక్షింతలు వేసేవాళ్ల చేతులు గాల్లోనే ఆగిపోయాయి, వీడియో కుర్రాడు కెమెరా ఇటు తిప్పాడు, ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకుని పెళ్లికొడుకు మేనమామ వచ్చి శాలువా కూడా కప్పాడు. ఇంటికొచ్చాక ఇద్దరూ ఆ శాలువా గురించే నవ్వుకున్నారు తప్ప ఆ ఖాళీ గురించి మాట్లాడుకోలేదు. ఆ ఖాళీలు అప్పటికి చాలానే పూడ్చాడు వాడు. ఈ చలికాలంలో రెండుసార్లు ఆక్సిజన్ పెట్టించి ఇంటికి తెచ్చాడు, అది వేరు. కానీ పెదకాకానిలో కోటేష్ డోలు దగ్గర ఉండడు, పంచె కట్టుకుని పందిట్లో పెళ్లికూతురి తాతగా కూర్చుంటాడు, ఎవరో అరువు డోలువాడు వస్తాడు, యూసుఫ్ ఊపిరి ఎక్కడ జారుతుందో ఆ డోలుకేం తెలుసు? ఆ పిల్ల మెడలో తాళి పడే క్షణాన మేళం నోరు తెరుచుకుని చప్పుడు లేకుండా నిలబడుతుంది. అందరికీ వినపడుతుంది ఆ చప్పుడు లేకపోవడం. ముసలమ్మలు ముఖాలు చూసుకుంటారు.

డాక్టరమ్మ పేరు అఖిల. చిన్నదే, యూసుఫ్ పెద్దకూతురి ఈడు. మొదటిసారి వచ్చినప్పుడు కాగితం మీద ప్రశ్నలు చదివింది. రాత్రిళ్లు ఆయాసంతో మెలకువ వస్తోందా తాతగారూ? వస్తుందమ్మా, మా ఆవిడ గురకకి. మెట్లెక్కితే? మెట్లే నన్ను చూసి ఆయాసపడతాయి. దగ్గు వల్ల పనేమైనా ఆగిందా? అప్పుడు యూసుఫ్ చీరాల స్టేషన్ పక్క కల్యాణమండపంలో తాను పై షడ్జం పట్టుకుంటే సిగ్నల్ ఇచ్చారనుకుని గూడ్సుబండి కదిలిపోయిన సంగతి, గార్డు జెండా పట్టుకుని దాని వెనకాల వేటపాలెం దాకా పరిగెత్తిన సంగతి చెప్పాడు. ఆ పిల్ల నవ్వింది. నవ్వుతూనే అంకెలూ సూదీ ఉన్న గొట్టం చేతికిచ్చి ఊదమంది. సన్నాయి వాయించేవాడికి గొట్టమిచ్చి ఊదమనడమంటే చేపని గుంటలో వేసి ఈదమనడమే. సూది చివరికి పరిగెత్తింది. మళ్లీ ఊదమంది, మళ్లీ పరిగెత్తింది. నలభై ఏళ్లవాడికి కూడా ఇంత రాదు తాతగారూ అంది, అని నవ్వడం మానేసి కాసేపు ఆలోచించింది. యూసుఫ్‌కి ఆ మానేయడం నచ్చలేదు. "ఈ గొట్టం బాగుందంటోంది, మీ నోరు బాగుందంటోంది, కోటేష్ గారేమో రెండుసార్లు ఆక్సిజన్ పెట్టించామంటున్నారు. గాలి ఎంత జోరుగా వస్తుందో ఈ గొట్టం చెప్తుంది. లోపలి గోడలు వాచాయో లేదో చెప్పదు. వాపుంటే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ అని ఒక వాయువు ఎక్కువవుతుంది, దాన్ని కొలిచే యంత్రం ఉంది. రక్తంలో ఇసినోఫిల్స్ అని ఒక రకం కణాలు, వాపుంటే అవీ పెరుగుతాయి, అవి కూడా చూద్దాం." ఆ వాయువుకి హాస్యం తెలియదు కాబోలు అనుకున్నాడు యూసుఫ్ అప్పుడు.

వెళ్లేముందు ఇంకో ప్రశ్న అడిగింది. రోజూ పీల్చే పొడిమందు వాడుతున్నారా? వాడుతున్నానమ్మా, రెండుపూటలా. అది నిజం. అతని జీవితంలో అంత చిన్నది, అంత చప్పగా ఉండేది, రైలూ గార్డూ లేనిది, ఒక్క నిజం, దాన్ని ఎవరూ నమ్మలేదు. డాక్టరమ్మ తలెత్తి చూసి సరే అని రాసుకుంది, ఆ సరేలో నమ్మకం లేదు. కోటేష్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఇంట్లో చాంద్‌బీ అయితే మొహం మీదే అంటుంది, "మందు పెరట్లో దులిపేసి ఖాళీ గొట్టాలు నాకు చూపిస్తున్నావయ్యా, నీ సంగతి నాకు తెలియదా." దులపడమేమిటి? పొద్దున్నే మొహం కడుక్కుని, క్యాప్సూల్ లాంటి గొట్టం మందు ఆ పీల్చే ప్లాస్టిక్ బుర్రలో పెట్టి, తిప్పి, పెదాల మధ్య పట్టుకుని, ఛాతీ నిండా ఊపిరి తీసుకుంటాడు, పురోహితుడు గాయత్రి చేసినంత శ్రద్ధగా, తన తాత నమాజు చేసినంత నిలకడగా. తర్వాత చూస్తే గొట్టం ఖాళీ. మీసాల మీద తెల్లగా పొడి. "పౌడరు రాసుకుని ఏ పెళ్లికి పోతున్నాడో మా ముసలాడు," అని చాంద్‌బీ పక్కింటావిడతో అంటుంది. అయినా పొద్దున్నే పిల్లికూతలు ఆగవు. ఆగకపోతే నేనేం చేయను, మందుకి నా మీద కోపమేమో. బహుశా కోతలు కోసేవాడి ఒంట్లో నిజం మందులు పని చేయవేమో, అలాంటి రూలు ఒకటి పైవాడు రాసి ఉంటాడు.

తాత హుస్సేన్ సాహెబ్ ఉంటే ఏమనేవాడో. ఆయన ఊపిరి గురించి తెలిసినవాడు. అమ్మ వాళ్ల నాన్న, ఎనిమిదేళ్ల యూసుఫ్‌ని కాలవ గట్టు మీద కూర్చోబెట్టి, కుండలో నీళ్లు పోసి, బొప్పాయి కాడ ఇచ్చి, ఊదరా అన్నాడు. బుడగలు ఆగకూడదు. బుడగ ఆగితే వీపు మీద పడుతుంది. గాలి అయిపోతే ఎట్లా తాతా? "అయిపోకముందే తెచ్చుకో. బుగ్గల్లో ఉన్నది ఇస్తూ ఉండు, ముక్కుతో కొత్తది తెచ్చుకో. నోటితో తెచ్చుకునేది కుక్క. నోరు ఇవ్వడానికి, ముక్కు తెచ్చుకోవడానికి." ఎన్నాళ్లు ఊదాడో, నీళ్లు ఆవిరైపోయి కుండ అడుగున బురద మిగిలేదాకా ఊదానని తర్వాత్తర్వాత చెప్పుకునేవాడు గానీ, నిజంగా ఆ కాలవ గట్టున వాసనొకటి గుర్తుంది, తడిసిన పత్తికట్టె వాసన, ముక్కు లోపలి దాకా చల్లగా దిగేది. అప్పుడు ముక్కుతో తెచ్చుకున్నది ఇప్పటికీ లోపల ఎక్కడో ఉంది. ఆ తర్వాత మూడేళ్లు ఒత్తు పట్టించాడు. ఒత్తు అంటే పక్కన కూర్చుని ఒక్క శ్రుతినే పట్టుకునే సన్నాయి, పాట ఎక్కడికెళ్లినా అది ఉన్నచోటనే ఉంటుంది, పెరగదు, తగ్గదు, దాన్ని ఎవరూ వినరు, అది లేకపోతే పాట నిలబడదు. యూసుఫ్‌కి ఒత్తంటే అసహ్యం. ఒక్క స్వరం మీద గంటలు గంటలు, ఈగ వాలినా తోలడానికి లేదు. ఎప్పుడెప్పుడు వదిలించుకుని పైకి పోతానా అని చూసేవాడు. పోయాడు కూడా, దేవుడి దయ. పెదకాకాని గుళ్లో స్వామివారి పల్లకీ ముందు హుస్సేన్ సాహెబ్ మనవడు రాగం ఎత్తుకుంటే పల్లకీ మోసేవాళ్లు అడుగు మార్చుకోవడం మర్చిపోయేవాళ్లు, ఇది మాత్రం కోత కాదు, కావాలంటే కోటేష్‌ని అడగండి, వాడికి కోతలు రావు.

"ఏం సాయిబు గారూ, ఊదే పరీక్షేనా?" ఎదుటి కుర్చీలో పెద్దమనిషి. మెళ్లో కండువా, దగ్గర పొగాకు వాసన. పేరు అంకమ్మరావు అనీ, కనిగిరి అవతల పొగాకు వేస్తాననీ అడక్కుండానే చెప్పాడు. మీ కనిగిరి కొండ మీద నేనొకసారి ఊదితే తలకిందులుగా వేలాడే గబ్బిలాలన్నీ లేచి నిటారుగా నిలబడ్డాయండీ అని యూసుఫ్ అన్నాడు. అంకమ్మరావు అర క్షణం కూడా ఆలోచించకుండా, "అవునండీ, ఇప్పటికీ కొన్ని అలాగే ఉన్నాయి," అన్నాడు. యూసుఫ్‌కి మనిషి నచ్చాడు. అంకమ్మరావు కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు. "పొగ తాగి రావద్దంటారు చూడండి. ఎందుకని ఆ మిషను పిల్లని అడిగా. తాగితే అంకె తగ్గిపోతుందంట. తగ్గితే మంచిదే కదమ్మా అన్నా. మొహం చిట్లించింది. మనకెందుకు, మనకి కావాల్సింది తక్కువ అంకె." అని జేబులోంచి చుట్ట, అగ్గిపెట్టె తీసి, యూసుఫ్ అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు, పెళ్లిలో పసుపుకొమ్ము దాచిపెట్టినట్టు. "మన చేలోదే. మెట్ల కింద ఎవరూ ఉండరు."

కోటేష్ కళ్లు మూసుకున్నాడు, నిద్రో నటనో. యూసుఫ్ లేచి మెట్ల దగ్గరికి వెళ్లాడు. అరవై ఎనిమిదేళ్లలో ఒక్క చుట్ట కాల్చలేదు, సన్నాయి పీక పట్టిన నోట్లో పొగ పెట్టకూడదని తాత ఒట్టు. కానీ తాత ఒట్టు పెద్దదా, పిల్ల పెళ్లి పెద్దదా? అంకె తక్కువొస్తే డాక్టరమ్మ బాగుంది పొమ్మంటుంది. కోటేష్ చీరాల వాళ్లకి ఫోన్ చేసి వద్దంటాడు. తర్వాత ఊపిరి సంగతి ఊపిరి చూసుకుంటుంది, గట్టిమేళం ఎంతసేపు, ఒక్క తాళి మూడు ముళ్లు పడేంతసేపు, ఆ మాత్రం పైవాడు చూడడా. చుట్ట పెదాల మధ్య పెట్టుకున్నాడు. పెదాలు దాన్ని గుర్తుపట్టాయి. గుండ్రంగా ఉన్నదేదైనా వాటికి సన్నాయి పీకే; మూలలు బిగిశాయి, బుగ్గలు నిండాయి. అగ్గిపుల్ల గీసి దగ్గరికి తెచ్చి ఊపిరి తీసుకున్నాడు, గంధకం వాసన ముక్కులోంచి బుర్ర దాకా ఎక్కింది, ఆ వెంటనే నోరు దాని పని అది చేసింది, ఊదింది. పుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. అదీ ఆరిపోయింది. మూడోదాన్ని ఎంత బతిమాలినా అంతే. చుట్ట చివర నల్లగా కూడా కాలేదు. దీన్ని ఊళ్లోవాళ్లు రోజూ ఎలా కాలుస్తున్నారో, వాళ్లకెవరు నేర్పారో అనుకుంటూ యూసుఫ్ ఆరిపోయిన పుల్లల వైపు చూస్తూ నిలబడి ఉండగా పైనుంచి పిలుపు వచ్చింది. "యూసుఫ్ సాహెబ్ గారూ!" చుట్ట జేబులో పడింది.

యంత్రం చిన్నది, టిఫిను డబ్బా అంత. దానికి ఒక తెల్ల గొట్టం. యంత్రం దగ్గరి అమ్మాయి శ్రీదివ్య అట, గబగబా మాట్లాడుతుంది. "తాతగారూ, ముందు లోపలి గాలంతా వదిలేయండి. ఈ గొట్టం పెట్టుకుని నోటితోనే నిండా పీల్చండి. తర్వాత మెల్లగా, ఒకే తీరుగా ఊదండి. తెర మీద బుడగ ఈ రెండు గీతల మధ్యలోనే ఉండాలి. పైకీ పోకూడదు, కిందికీ రాకూడదు." యూసుఫ్ గొట్టం పట్టుకున్నాడు. మళ్లీ బుడగ. బొప్పాయి కాడ, కుండ, తాత చెయ్యి. ఊపిరి తీసుకున్నాడు, యంత్రం కీచుమంది. "ముక్కుతో తీసుకున్నారు తాతగారూ, నోటితో." మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ కీచుమంది. "ముక్కుతోనే తీసుకుంటున్నారు." నేనా? నేనెక్కడ తీసుకున్నాను, ముక్కే తీసుకుంది. పెదాలు బిగిస్తే ముక్కు తెరుచుకుంటుంది, అది ఈ ఇంటి కట్టుబాటు, అరవై ఏళ్ల నాటిది. శ్రీదివ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "కొబ్బరిబొండంలో స్ట్రా పెట్టుకుని తాగుతారు కదా? అలా లాగండి." బొండం. సరే. ఎండలో పర్చూరు సెంటరు, బండి పక్కన నిలబడి, చల్లటి నీళ్లు నాలుక మీదికి. లాగాడు. ఏదో వింతగా, దొంగతనంగా, గాలి నోటి దారిన లోపలికి వచ్చింది, తాత చూస్తున్నాడేమోనని వీపు కూడా ఒకసారి జలదరించింది. తర్వాత ఊదాడు.

ఊదడం అతనికి వచ్చిన పని. అయితే ఇది రాగం అడగడం లేదు, గమకం అడగడం లేదు, పైకి ఎగబాకి జనాన్ని నోరు తెరిపించమనడం లేదు. ఒకే తీరు అంటోంది. ఒత్తు అడుగుతోంది. బుడగ రెండు గీతల మధ్య నిలబడింది, కదలకుండా, కాలవ నీటి మీద తూనీగ నిలబడ్డట్టు, యూసుఫ్ దాన్నే చూస్తూ ఊదాడు, ఎంతసేపో తెలియదు, ఎనిమిదేళ్లవాడు ఒకడు పక్కన వచ్చి కూర్చున్నాడు, ఈగ వాలినా తోలలేదు. ఇందులో ఎక్కడా తనకి కోత కోసే చోటు లేదు. పెంచితే బుడగ పైకి పోతుంది, తగ్గిస్తే కిందికి, ఉన్నదున్నట్టు ఇవ్వడమే. మంత్రసానికి బిడ్డనిచ్చినట్టు ఉన్నదున్నట్టు ఇచ్చేశాడు. యంత్రం గంట కొట్టింది. "ఇంత సమంగా ఎవరూ ఊదలేదు తాతగారూ," అంది శ్రీదివ్య, అని తెర మీద చూసింది, చూసి డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది.

కోటేష్‌ని కూడా లోపలికి పిలిచారు. "తొంభై ఆరు వచ్చిందండీ," అంది అఖిల. కోటేష్ మొహం వెలిగింది. "వందకి తొంభై ఆరా! ఒరేయ్, మూడో క్లాసు మూడుసార్లు చదివావు గదరా!" డాక్టరమ్మ నవ్వలేదు. "మార్కులు కావండీ. యాభై దాటితేనే ఎక్కువ కింద లెక్క. ఈ ఒక్క అంకెనే పట్టుకుని తీర్పు చెప్పను, ఆకుకూర తిన్నా కాస్త పెరుగుతుంది, పొగ తాగితే అబద్ధంగా తగ్గుతుంది. కానీ పొద్దున తీసిన రక్తం కూడా ఇదే అంటోంది. లోపల వాపు బాగా ఉంది." కోటేష్ వేళ్లు ఆగిపోయాయి. జేబులో చుట్ట యూసుఫ్ తొడకి గుచ్చుకుంది. అయిపోయింది. ఇప్పుడంటుంది, సన్నాయి పక్కన పెట్టండని. పెట్టేసి ఎక్కడ కూర్చోవాలి? పందిట్లో ముందు వరసలో, అక్షింతలు పట్టుకుని, చీరాల వాళ్లు ఊదుతుంటే వేళ్లు పంచె మీద కదలకుండా చూసుకుంటూ?

"మందు రోజూ వాడుతున్నారా?" మళ్లీ అదే ప్రశ్న. "వాడుతున్నానమ్మా." ఈసారి గొంతు చిన్నదైపోయింది. కోటేష్ అన్నాడు, "చెప్పెయ్‌రా, పర్లేదు, డాక్టరమ్మ ఏమీ అనుకోదు." చెప్పడానికేముంది? తానన్నవన్నీ నమ్మి ఇదొక్కటి నమ్మని లోకంతో ఏం మాట్లాడతాడు? గూడ్సుబండి నమ్మారు, గబ్బిలాలు నమ్మారు. యూసుఫ్ సంచిలోంచి పొడిమందు బుర్ర తీసి బల్ల మీద పెట్టాడు. అఖిల దాని వైపు, అతని వైపు చూసింది. శ్రీదివ్య వంగి ఆమె చెవిలో ఏదో చెప్పింది. "ఒకసారి ఎలా తీసుకుంటారో చూపిస్తారా?" అడిగింది డాక్టరమ్మ.

యూసుఫ్ మందు గొట్టం బుర్రలో పెట్టాడు, తిప్పాడు, పెదాల మధ్య పట్టుకున్నాడు. మూలలు బిగిశాయి. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి, ఛాతీ నిండింది, కళ్లు మూశాడు, నోరు దాని పని అది చేసింది. పొడి పొగమంచులా లేచి బల్ల మీద, ఆమె కాగితాల మీద, అతని మీసాల మీద తెల్లగా వాలింది.

డాక్టరమ్మ కాగితం మీది పొడిని వేలితో గీసి చూసింది. తర్వాత మెల్లగా, పెద్దవాళ్లతో మాట్లాడే గొంతుతో అంది, "అయితే మీరు నిజమే చెప్పారు తాతగారూ. రోజూ వాడారు. ఒక్కరోజు కూడా అది లోపలికి పోలేదు." ఆ మాటలో రెండో సగం యూసుఫ్‌కి చాలాసేపటి దాకా వినపడలేదు. మొదటి సగం దగ్గరే కూర్చున్నాడు. ఆమె చెప్తూనే ఉంది: ఇది తెలియకపోతే మందు పెంచేదాన్ని, సూదిమందుల దాకా వెళ్లేదాన్ని. అంకె తక్కువ ఉండి ఇంత ఆయాసం ఉంటే ఇంకా ఎక్కువ ఆలోచించాల్సి వచ్చేది. ఇలాంటి వాపు ఈ మందు మాట వింటుంది. మందు దాని దగ్గరికి పోవాలి, అంతే. శ్రీదివ్య బుర్రలో కొత్త మందు గొట్టం పెట్టిచ్చింది. "బొండం, తాతగారూ."

బొండం. లాగాడు. బుర్రలో గొట్టం గిరగిరా తిరిగి గరగరమని మోగింది, తాటాకు గిలక గాలికి తిరిగినట్టు. యూసుఫ్ కళ్లు తెరిచాడు. ఇన్నాళ్లూ ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదు. శ్రుతి పావు వాసి తగ్గితే నిద్రలోనైనా లేచి కూర్చునేవాడికి, తన చేతిలోని వాద్యం ఏడాదిగా మోగడం లేదని తెలియలేదు. గొంతు వెనక సన్నగా తీపి తగిలింది. "ఆ చప్పుడు వస్తేనే మందు పోయినట్టు," అంది అఖిల. "తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయండి. పెళ్లికి ముందు వారం వచ్చి మళ్లీ ఊదండి. అంకె దిగి, ఆయాసమూ తగ్గితే మీరు ఊదుకోండి. లేకపోతే మొహమాటం లేకుండా వద్దంటాను."

ఇద్దరూ మెట్లు దిగారు. ఆరిపోయిన అగ్గిపుల్లల పక్కనుంచి నడిచారు. కుళాయి దగ్గర యూసుఫ్ రెండోసారి పుక్కిలించాడు, మొదటిసారి పైనే పుక్కిలించినా. గాలి తిరిగింది, వీధంతా దగ్గింది, వాళ్లూ దగ్గారు. అప్పుడు కోటేష్ అన్నాడు, "ఒరేయ్, గట్టిమేళం టయానికి డోలు నేనే తగిలించుకుంటా. తాత అక్షింతలు వెయ్యకపోతే పెళ్లేం ఆగదు."

"వద్దు."

"ఏం, నా దెబ్బ తగ్గిందా?"

"నీ దెబ్బ కింద చాలా దాక్కున్నాన్రా. ఇక చాలు." యూసుఫ్ మూతి తుడుచుకున్నాడు. "చీరాల వాళ్లని రమ్మను. నాకు తెలుసులే, మొహం అలా పెట్టకు. అంకె దిగితే నేనూదుతా, వాళ్లు వింటారు. దిగకపోతే వాళ్లూదుతారు, నేను పక్కన కూర్చుని ఒత్తు పడతా. నువ్వు మాత్రం పందిట్లోనే కూర్చో, అక్షింతలు పట్టుకుని."

"నువ్వా? ఒత్తా?" కోటేష్ అతని మొహంలోకి చూశాడు, కోత ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు. కనపడలేదు కాబోలు, కండువాతో ముక్కు చీదుకుని మిరపఘాటు మీద నెట్టేశాడు.

బస్టాండులో యూసుఫ్ ఇంటికి ఫోన్ చేశాడు. చాంద్‌బీ ఎత్తగానే ఏమీ చెప్పకుండా, ఖాళీ గొట్టం వేసిన బుర్రని పెదాల మధ్య పెట్టుకుని, ఫోన్ దగ్గరగా పట్టుకుని, బొండం నీళ్లు తాగినట్టు లాగాడు. గరగరమంది. "ఏందయ్యా ఆ చప్పుడు, ఫోన్లో మిడతేమైనా పడిందా?" అంది ఆమె. అతను విషయం మొదలుపెట్టాడు, ముక్కు దగ్గర్నుంచి, బొప్పాయి కాడ దగ్గర్నుంచి. "చాల్లే, మళ్లీ మొదలెట్టావా," అంది చాంద్‌బీ. కోటేష్ ఫోన్ లాక్కున్నాడు.

"వదినా, నేను కోటేష్‌ని. వీడు మందు రోజూ వేసుకున్నాడు. నిజమే చెప్పాడు వదినా."

అటువైపు పొయ్యి మీద ఏదో మరుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది. తర్వాత చాంద్‌బీ గొంతు సవరించుకుంది.

"సరే, మీసాలు తుడుచుకుని బస్సెక్కమను."